డిస్‌ప్లే పోయిన ఫోన్‌లోంచి ఫొటోలు తీయాలంటే ముందు పిన్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారి ఫోన్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద జారి పడింది. స్క్రీన్ మొత్తం నలుపు. కాల్ చేస్తే రింగవుతోంది, వైబ్రేట్ అవుతోంది. వేలిముద్ర పక్కనున్న పవర్ బటన్‌లోనే. పిన్ నాన్నకు గుర్తుందనే అనుకుంటున్నారు. లోపల అక్కగారి పాప అన్నప్రాశన ఫొటోలు, వాట్సాప్‌లో నాన్న చిట్టీల లెక్కలు ఉన్నాయి. వీధిలో షాపతను "డేటా రికవరీకి ₹8,000" అన్నాడు. ఇవ్వాలా?

ఇవ్వకండి. కనీసం ఇవాళైతే ఇవ్వకండి.

నేను ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పన్నెండేళ్లు ఫోన్ రిపేరు బెంచ్ మీద పనిచేశాను. ఇప్పుడు కూకట్‌పల్లి వైపు సొంతంగా చిన్న షాపు. ఇలాంటి ఫోన్లు వారానికి నాలుగైదు వస్తాయి. రింగవుతోంది అన్నారంటే బోర్డు బాగుంది, బ్యాటరీ బాగుంది, ఫొటోలున్న మెమరీ చిప్ కూడా నిక్షేపంగా ఉన్నట్టే. ఇంటికి తలుపు బిగుసుకుపోయింది, లోపల సామాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాన్ని డేటా రికవరీ అనడమే తప్పు. మీకు కావలసింది ఒక గంటసేపు పనిచేసే స్క్రీన్, అంతే. మా షాపుల్లో "రికవరీ" అన్న మాటకు ఒక రేటు, "ఫోల్డర్ పెట్టి చూడు" అన్న మాటకు ఇంకో రేటు ఉంటాయి (ఫోల్డర్ అంటే ఇక్కడ డిస్‌ప్లే ముక్క). చేసే పని చాలాసార్లు ఒకటే.

మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది పగిలిన స్క్రీన్ కాదు, "అనుకుంటున్నాను" అన్న మాట. అక్కడ కొంచెం ఆగుదాం.

ఆండ్రాయిడ్ 10తో, అంటే 2019 నుంచి, మార్కెట్లోకి వచ్చిన ప్రతి కొత్త ఫోన్‌లోనూ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు, ఉండాల్సిందే. ఆ తాళం తీయడానికి రెండు కలవాలి: ఆ ఫోన్ ప్రాసెసర్‌లోనే ఉండే రహస్య కీ, మీరు కొట్టే పిన్. ఫోన్ ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టేదాకా ఫొటోలూ, వాట్సాప్ ఏవీ తెరుచుకోవు. ఒకసారి కొట్టాక, మళ్లీ స్విచాఫ్ అయ్యేదాకా లోపలి తాళం తీసే ఉంటుంది. అప్పుడు వేలిముద్ర పెట్టినా సరిపోతుంది. రీస్టార్ట్ అయ్యాక వేలిముద్ర పనికిరాదు, పిన్నే కావాలి. మీ ఫోన్‌లో కూడా రీస్టార్ట్ చేయగానే "పిన్ ఎంటర్ చేయండి" అని అడగడం చూసే ఉంటారు. అందుకే అలా అడుగుతుంది.

కాబట్టి ఆ ఫోన్‌ని స్విచాఫ్ చేయకండి, రీస్టార్ట్ చేయకండి. చార్జింగ్‌లో పెట్టి ఉంచండి. నీళ్లలో పడిన ఫోన్ అయితే వెంటనే ఆపేయమనేవాణ్ణి. మీది మెట్ల మీద పడింది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అలాగని బీరువాలో పడేసి నెలాఖరుకి చూద్దాంలే అనుకోవద్దు. వేలిముద్రతోనే వాడుతున్నా చాలా ఫోన్లు మూడు రోజులకోసారి పిన్ అడుగుతాయి. పైగా 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్‌తో ఇంకోటి వచ్చింది. వరుసగా మూడు రోజులు లాక్ తీయకపోతే ఫోన్ దానంతటదే రీస్టార్ట్ కావచ్చు. దొంగల కోసం పెట్టిన ఏర్పాటు, మనలాంటి వాళ్లకు కూడా తగులుతుంది. పడి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. ఈలోగా రోజుకోసారి నాన్నగారి వేలు పవర్ బటన్ మీద పెట్టించండి. స్క్రీన్ కనపడకపోయినా లాక్ తెరుచుకుంటుంది. లాక్ సౌండ్ ఆన్‌లో ఉంటే టక్కుమని వినిపిస్తుంది కూడా.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నాలుగేళ్ల కింద మలక్‌పేట నుంచి ఒకావిడ వచ్చారు, రిటైరైన టీచరు. స్క్రీన్ పోయింది, రింగవుతోంది, అచ్చం మీ కేసే. "లాక్ ఏంటమ్మా?" అన్నాను. "వేలు పెడతా బాబూ" అన్నారు. సరేనని వెనక ప్యానెల్ వేడిచేసి తీశాను, అలవాటు ప్రకారం ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. కరెంటు ఉండగా డిస్‌ప్లే స్ట్రిప్ (డిస్‌ప్లేని బోర్డుకి కలిపే పట్టీ) పెడితే బోర్డు షార్ట్ కావచ్చు, కాబట్టి ఎవరైనా అలాగే చేస్తారు. టెస్టింగ్ డిస్‌ప్లే తగిలించి, బ్యాటరీ పెట్టి ఆన్ చేశాను. చక్కగా కంపెనీ లోగో వచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత పిన్ అడిగింది. "పిన్నా? నేనెప్పుడూ కొట్టలేదే" అన్నారు. ఎప్పుడో ఫోన్ కొన్నరోజు పెట్టుకున్నారు, మర్చిపోయారు. మధ్యమధ్యలో అది అడుగుతూనే ఉండి ఉంటుంది, ఇంట్లో పిల్లలెవరో కొట్టిస్తూ వచ్చారు. నేను బ్యాటరీ ఊడదీయకముందు ఆ ఫోన్ ఆవిడ వేలికి తెరుచుకునేది. ఊడదీశాక తెరుచుకోలేదు.

డిస్‌ప్లే మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, ఊడదీస్తే ఫోన్ రీస్టార్ట్ అవుతుంది, రీస్టార్ట్ అయితే పిన్ కావాలి. షాపుకి వెళ్లే ముందే పిన్ ఖాయం చేసుకోమనేది ఇందుకే.

మరి నాన్నగారికి గుర్తుందో లేదో ఎలా తెలుసుకోవడం? "నంబరెంత నాన్నా?" అని అడగకండి. అడిగితే పుట్టిన సంవత్సరం, పాత స్కూటర్ నంబర్ అన్నీ గుర్తొస్తాయి, అసలుది రాదు. వేళ్లకు తెలిసిన సంగతి నోటికి తెలియకపోవచ్చు. మీ ఫోన్‌లో డయల్ ప్యాడ్ తెరిచి ఆయన చేతికివ్వండి. "మీ ఫోన్ లాక్ తీస్తున్నట్టు కొట్టండి" అనండి. కాలిక్యులేటర్ ఇవ్వొద్దు, దాంట్లో 7, 8, 9 పైన ఉంటాయి, వేళ్లు తికమకపడతాయి. లాక్ స్క్రీన్ మీద, డయల్ ప్యాడ్ మీద 1, 2, 3 పైన ఉంటాయి. ఆలోచించకుండా మూడుసార్లు కొట్టి, మూడుసార్లూ ఒకే అంకెలు వస్తే దాన్ని నమ్మొచ్చు. టీచరుగారికి కూడా చివరికి ఇలాగే దొరికింది. పదిహేను రోజుల తర్వాత వచ్చి, నా కౌంటర్ మీదున్న ల్యాండ్‌లైన్ కీప్యాడ్ మీద వేళ్లు ఆడించి నాలుగంకెలు చెప్పారు. ఎప్పుడో తీసేసిన వాళ్ల ఇంటి ల్యాండ్‌లైన్ నంబర్లో చివరివి. అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదు.

అసలు ఫోన్ మీద మాత్రం ఊరికే ప్రయత్నాలు చేయొద్దు. తప్పులు పెరిగేకొద్దీ ఆగమంటుంది, ఆగాల్సిన టైమ్ పెరుగుతూ పోతుంది. స్క్రీన్ కనపడకపోతే అది ఆగమన్న సంగతి కూడా మీకు తెలియదు. సరైన పిన్ కొట్టినా ఆ టైమ్‌లో తీసుకోదు, మీరేమో అది తప్పు పిన్ అనుకుంటారు.

పిన్ సంగతి అలా ఉంచి, ఇవాళ రాత్రే పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి చూడండి. కంప్యూటర్‌లో నాన్నగారి జీమెయిల్‌తో గూగుల్ ఫొటోస్ తెరవండి. చివరి ఫొటో ఏ తేదీదో చూడండి. అన్నప్రాశన ఫొటోలు అక్కడే ఉంటే సగం పని అయిపోయినట్టే. పడినరోజు వరకూ ఉన్నాయంటే బ్యాకప్ ఆన్‌లో ఉన్నట్టు. ఫోన్‌ని ఇంటి వైఫై అందేచోట చార్జింగ్‌లో వదిలేస్తే మిగిలినవి కూడా దానంతటవే ఎక్కుతాయి. ఒక మెలిక ఉంది. గూగుల్ ఫొటోస్ మామూలుగా కెమెరాతో తీసిన ఫొటోలనే ఎక్కిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డర్‌ని విడిగా ఆన్ చేసి ఉండకపోతే అవి అక్కడ ఉండవు. ఫంక్షన్ ఫొటోలు చాలావరకు వాట్సాప్‌లో వచ్చేవే కదా. ఆ పాప ఫొటోలు నాన్నగారికి పంపినవాళ్లు ఎవరు? అక్కయ్య, బావగారు, ఫొటోలు తీసిన మేనమామ? వాళ్లనే మళ్లీ పంపమనండి. ఈ ముక్క చెబితే కస్టమర్లు నవ్వుతారు, కానీ నా కౌంటర్ దగ్గర సగం కేసులు ఈ మాటతోనే తెమిలిపోతాయి.

నంబర్ల గురించి బెంగ వద్దు. జీమెయిల్‌లో సేవ్ అయి ఉంటే గూగుల్ కాంటాక్ట్స్ సైట్‌లో అన్నీ కనిపిస్తాయి. ఫోన్‌లో మెమరీ కార్డు ఉందేమో ట్రే తీసి చూడండి. పాత ఫొటోలు అందులో ఉంటే కార్డ్ రీడర్‌లో పెట్టి చూసుకోవచ్చు. ఫోన్‌పే, గూగుల్ పే గురించి కూడా చాలామంది టెన్షన్ పడతారు. డబ్బులు బ్యాంకులో ఉంటాయి, ఫోన్‌లో కాదు. సిమ్ వేరే ఫోన్‌లో వేసి మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే చాలు.

చిట్టీల లెక్కల దగ్గర మాత్రం జాగ్రత్త. తొందరపడి నాన్నగారి సిమ్ కొత్త ఫోన్‌లో వేసి, అక్కడ వాట్సాప్ మొదలుపెట్టకండి. మొదలుపెట్టగానే పాత ఫోన్‌లో వాట్సాప్ లాగౌట్ అవుతుంది. కొత్తదాంట్లో చివరి బ్యాకప్ ఎప్పటిదైతే అప్పటివరకే వస్తాయి. ఆ బ్యాకప్ ఆర్నెల్ల కిందటిదైతే ఆర్నెల్ల లెక్కలు గోవిందా. ఓటీపీ కోసమో, కాల్స్ కోసమో సిమ్ వేరే ఫోన్‌లో వేసుకోండి, పర్లేదు. వాట్సాప్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ కంప్యూటర్‌లో నాన్నగారి వాట్సాప్ ఇంతకుముందే లింక్ చేసి ఉంటే, అది లాగౌట్ అయ్యేలోగా ఆ చాట్ తెరిచి లెక్కలు కాపీ చేసుకోండి.

ఇక స్క్రీన్ దగ్గరికి వద్దాం. స్క్రీన్ పోవడం మూడు రకాలు. గదిలో లైటు తీసేసి, టార్చిని స్క్రీన్‌కి ఏటవాలుగా పట్టుకుని, పవర్ బటన్ నొక్కండి. లీలగా గడియారం అంకెలు కనిపిస్తే అది ఎల్‌సీడీ, వెనకనున్న బ్యాక్‌లైట్ మాత్రమే పోయింది. అలాంటి ఫోన్‌ని టార్చి వెలుగులోనే వాడి, ఫైళ్లన్నీ తీసుకున్నవాళ్లను చూశాను. ఏమీ కనపడకపోతే ప్యానెలే పోయింది. అమోలెడ్ ప్యానెల్ (బ్యాక్‌లైట్ లేకుండా తనంతట తానే వెలిగే రకం) అయితే సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతూ వస్తుంది, రెండో రోజుకి మొత్తం కమ్మేస్తుంది. మూడోది బొమ్మ కనిపిస్తూనే టచ్ పోవడం. మీది అది కాదు కానీ, ఇది చదివేవాళ్లలో ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నా: వాళ్లకి మౌస్ చాలు. ఓటీజీ అడాప్టర్ కొనండి, వంద రెండొందల్లో వస్తుంది. టైప్-సీ పోర్టుకి పెట్టి, మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించండి. స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. దానితో పిన్ నొక్కొచ్చు, ప్యాటర్న్ కూడా గీయొచ్చు. ఒప్పో, రియల్‌మీ, వివో ఫోన్లలో చాలావాటికి సెటింగ్స్‌లో ఓటీజీ ముందే ఆన్ చేసి ఉండాలి. కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అవుతుంది కూడా. ఆ ఫోన్లలో మౌస్ పలకకపోతే అడాప్టర్ పాడైందనుకుని ఇంకోటి కొనకండి.

మౌస్ మీకూ పనికొస్తుందా అంటే, కనపడని స్క్రీన్ మీద బాణం ఎక్కడుందో తెలియదు. కీబోర్డ్ నయం. ఓటీజీకి యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించి, స్పేస్ బార్ నొక్కి, పిన్ కొట్టి, ఎంటర్ నొక్కితే చాలా ఫోన్లు తెరుచుకుంటాయి. పిన్ సరైనదో కాదో పరీక్షించడానికి కూడా ఇదొక దారి, లాక్ సౌండ్ వస్తుందేమో వినండి. అయితే తెరిచాక ఫైళ్లు కంప్యూటర్‌కి పంపాలంటే కేబుల్ పెట్టినప్పుడు "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి, అది స్క్రీన్ మీద నొక్కాల్సిన పని. చూడకుండా నొక్కడం కుదిరే పని కాదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌ని నడిపే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, ఎస్‌సీఆర్‌సీపీవై అనేది ఉచితం, నేనూ వాడతాను. దాంతో బొమ్మ కంప్యూటర్లో కనపడాలంటే ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ ఫోన్‌ని నడపడానికి అనుమతిచ్చే సెటింగ్) ముందే ఆన్ అయి ఉండాలి, ఆ కంప్యూటర్‌ని ఫోన్ ముందే ఒప్పుకొని ఉండాలి. చిట్టీలు కట్టే పెద్దాయన ఫోన్‌లో డీబగ్గింగ్ ఆన్ చేసి ఉంటుందని నేననుకోను.

టీవీకి తగిలించి చూడమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. గెలాక్సీ ఎస్8, ఆ తర్వాతి ఎస్ సిరీస్, పిక్సెల్ 8 నుంచి, ఐఫోన్ 15 నుంచి వచ్చిన వాటిలో టైప్-సీ నుంచి టీవీకి బొమ్మ వెళ్తుంది. హబ్ పెట్టి మౌస్ కూడా తగిలిస్తే రాజయోగమే. పదిహేను వేల రేంజ్ ఫోన్లలో చాలావాటికి పోర్టు చూడ్డానికి అలాగే ఉన్నా బొమ్మ రాదు. కేబుల్‌కి వెయ్యి పెట్టే ముందు మోడల్ చూసుకోండి.

ఇంటర్నెట్‌లో "పగిలిన ఫోన్ నుంచి ఒక్క క్లిక్‌తో డేటా" అని అమ్మే సాఫ్ట్‌వేర్లు కొనకండి. అవి పలికేది ఏవో కొన్ని పాత మోడళ్లకే. షాపుల్లో "చిప్ పీకి డేటా లాగుతాం" అన్నా నమ్మకండి. పైన చెప్పాను కదా, తాళంలో సగం ప్రాసెసర్‌లో ఉంటుంది. మెమరీ చిప్ ఒక్కటీ పీకి వేరే మిషన్‌లో పెడితే వచ్చేది అర్థంలేని అక్షరాల కుప్ప. బోర్డే కాలిపోయిన ఫోన్‌కి ప్రాసెసర్‌నీ మెమరీనీ కలిపి వేరే బోర్డు మీదికి మార్చే పనివాళ్లు ఉన్నారు. అది నిజంగా పెద్ద పని, దానికి వేలు అడిగినా అర్థముంది. రింగవుతున్న ఫోన్‌కి ఆ పని అక్కర్లేదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదీ. పిన్ ఖాయమయ్యాక, ఫోన్‌నీ లాప్‌టాప్‌నీ కేబుల్‌నీ తీసుకుని నాన్నగారితో కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కండి. నాంపల్లిలో దిగి ఆటోలో జగదీశ్ మార్కెట్‌కి వెళ్లండి. మీ దగ్గర్లోనే నమ్మకమైన షాపు ఉంటే అదీ మంచిదే. "డేటా రికవరీ" అన్న మాట ఎత్తకండి. "భాయ్, ఫోల్డర్ అతికించకుండా పెట్టి చూపించాలి, గంటసేపు ఫైళ్లు కాపీ చేసుకుంటాం, ఎంత?" అని అడగండి. ఫోల్డర్ అంటే గాజు, టచ్, డిస్‌ప్లే మూడూ కలిపిన ముక్క, కొందరు కాంబో అంటారు. వాళ్ల దగ్గర టెస్టింగ్‌కి వాడే ఫోల్డర్లు ఉంటాయి. మీ మోడల్‌ది ఉంటే పావుగంట పని. వెనక ప్యానెల్ వేడిచేసి తీసి, స్క్రూలు విప్పి, పాత స్ట్రిప్ తీసి కొత్త స్ట్రిప్ నొక్కుతారు. మినప్పప్పు గింజంత కనెక్టర్, సరిగ్గా కూర్చుంటే వేలికే తెలుస్తుంది. డిస్‌ప్లే అలా పక్కకి వేలాడుతూనే వెలుగుతుంది. చూడ్డానికి ఆపరేషన్ టేబుల్ మీద పేషెంట్‌లా ఉంటుంది, కంగారు పడకండి.

నాన్నగారి ఫోన్ ఎలాగూ వాడుకోవాలి అనుకుంటే అక్కడే ఫోల్డర్ మార్పించుకోవచ్చు. కాపీ ఫోల్డర్‌కీ ఒరిజినల్‌కీ రేటులో చాలా తేడా ఉంటుంది, ఏది వేస్తున్నారో ముందే తేల్చుకోండి. మీ ఫోన్‌కి వేలిముద్ర బటన్‌లో ఉంది కాబట్టి ఏది వేసినా అది పనిచేస్తుంది. స్క్రీన్ లోపల వేలిముద్ర ఉన్న ఫోన్‌కి చవక ఎల్‌సీడీ కాపీ వేస్తే వేలిముద్ర పోతుంది. ఆ సంగతి కొందరు డబ్బులు తీసుకున్నాక చెబుతారు.

కంపెనీ సర్వీస్ సెంటర్ కూడా ఒక దారే, డిస్‌ప్లే మారిస్తే డేటా పోవాల్సిన అవసరం లేదు. కాకపోతే డేటాకి మా బాధ్యత లేదని ముందే సంతకం పెట్టించుకుంటారు. "బోర్డు కూడా మార్చాలి" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఫొటోలు ఉన్నది ఆ బోర్డు మీదే.

స్క్రీన్ వెలిగాక పిన్ నాన్నగారే కొట్టాలి. షాపతనికి చెప్పకండి, కాగితం మీద రాసివ్వకండి. నేనూ షాపు నడిపేవాణ్ణే, అయినా ఇదే చెబుతాను. ఫోన్‌ని లాప్‌టాప్‌కి తగిలించి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" నొక్కండి. డీసీఐఎం (కెమెరా ఫొటోలు ఉండేది), పిక్చర్స్, డౌన్‌లోడ్ ఫోల్డర్లు మొత్తంగా లాగేయండి. వాట్సాప్ ఫొటోలు ఇప్పుడు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో మీడియా అనే ఫోల్డర్ లోపల ఉంటాయి, చాలామంది వెతకలేక వదిలేస్తారు. అవి కాపీ అవుతుండగా షాపు వైఫైకో, మీ హాట్‌స్పాట్‌కో కలిపి, వాట్సాప్ సెటింగ్స్‌లో చాట్ బ్యాకప్ నొక్కండి. సిమ్ తీసి ఉంటే దాన్ని ముందే వెనక్కి పెట్టండి. చిట్టీల చాట్‌ని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి కూడా పంపుకోండి. బ్యాకప్ ఎందుకో మొరాయించినా లెక్కలు చేతిలో ఉంటాయి.

పని అయిందని షాపతను స్ట్రిప్ ఊడదీయబోతే ఆపండి. లాప్‌టాప్‌లో నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. పేరు కనిపించి తెరుచుకోని ఫైళ్లు నేను చాలా చూశాను, కేబుల్ మధ్యలో కదిలితే అలా అవుతుంది. అన్నీ తెరుచుకున్నాకే డబ్బులివ్వండి.

మోడల్ నంబర్ రాయండి, బాక్స్ మీద ఉంటుంది. దానికి ఓటీజీ ముందే ఆన్ చేసి ఉండాలో లేదో, ఫోల్డర్ తేలిగ్గా దొరుకుతుందో లేదో చూసి చెబుతాను.